ఫెయిరింగ్ పరిత్యాగ వ్రత విధానం

ఫుల్ ఫెయిరింగ్, అంటే ముందు భాగాన్నీ ఇంజిన్నీ కప్పే ప్లాస్టిక్ తొడుగు, ఉన్న బండి కోసం పేచీ పెట్టి, నాన్న చేత అదనంగా వేలకు వేలు కట్టించి, రెండేళ్లు తిరక్కుండానే ఆ ప్లాస్టిక్కునంతా ఇంటి అరుగు మీద కూర్చుని ఊడబీకడం నేటి యువతలో బాగా ప్రబలుతున్న వైరాగ్య లక్షణం. కొందరు పెద్దలు దీన్ని పిచ్చి అంటున్నారు. త్యాగం విలువ తెలియని తరం వారిది.

అంత వైరాగ్యమే ఉంటే ఫెయిరింగ్ లేని బండే కొనొచ్చుగా అని ఒక వాదన ఉంది. కొనొచ్చు. ఫెయిరింగ్ ఉన్న తన ఆర్15 కుటుంబపు ఇంజినుతోనే యమహా 2019లో ఎంటీ-15ను తెచ్చి తక్కువ ధరకు అమ్మింది. బజాజ్ వరస ఇంకా విచిత్రం. 2012లో పల్సర్ ఎన్‌ఎస్200ను ఏ ఆచ్ఛాదనా లేకుండా వదిలి, మూడేళ్లాగి ఆర్‌ఎస్200 పేరుతో నిండుగా తొడిగి అమ్మింది. కనుక ఆర్‌ఎస్200 కొని ఫెయిరింగ్ పీకేవాడు బజాజ్ ఇంజినీర్లు మూడేళ్లు పడ్డ శ్రమను ఒక్క ఆదివారంలో వెనక్కి తిప్పుతున్నాడన్నమాట. షోరూములో రెడీగా దొరికేది కొంటే అందులో సాధన ఏముంది?

వ్రతానికి మొదట సంకల్పం కావాలి. అది సాధారణంగా ఎక్కడో ఇసుక పడి ఉన్న యూ-టర్నులో, గంటకు పది కిలోమీటర్ల వేగంలో కలుగుతుంది. బండి ఎడమవైపుకి ఒరుగుతుంది, సైడ్ ప్యానెల్ పగులుతుంది, లోపల బోల్టు పట్టే చెవులు రెండు విరుగుతాయి. చెవి విరిగిన ప్యానెల్‌ని సర్వీస్ సెంటరు వాళ్లు అతికించరు, మార్చమంటారు. కొటేషన్ కాగితం చేతికొచ్చిన ఆ క్షణంలోనే "నాకసలు నేకెడ్ లుక్కే ఇష్టం" అన్న జ్ఞానోదయం అవుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 1980లు, 90లలో బ్రిటన్, జర్మనీ కుర్రాళ్లూ పడ్డ స్పోర్ట్స్ బైకులకు కొత్త ఫెయిరింగ్ కొనే స్తోమత లేకే అలా వదిలేసి, వెడల్పు హ్యాండిలు, రెండు గుండ్రటి లైట్లు బిగించి స్ట్రీట్‌ఫైటర్ అని పేరు పెట్టుకున్నారు. ట్రయంఫ్ ఆ వాలకాన్నే 1997 స్పీడ్ ట్రిపుల్‌కి పెట్టి కొత్త బండిగా అమ్ముకుంది. లేమికి ఫ్యాషన్ అని పేరు పెట్టడం మన కనిపెట్టుడు కాదు.

సామగ్రి: 4, 5 మి.మీ. ఎల్-కీలు, 8, 10 నంబర్ల టీ-పానాలు, స్టార్ స్క్రూడ్రైవరు, ఫోటోలు తీయడానికి ఫోను, బోల్టులకు చిన్న కవర్లు. కవర్ల దగ్గరే సగం వ్రతభంగం జరుగుతుంది. ఫెయిరింగ్ బోల్టులన్నీ చూపుకి ఒకేలా ఉంటాయి, పొడవు మాత్రం వేరు. అన్నీ ఒకే గిన్నెలో వేసినవాడు తిరిగి బిగించేటప్పుడు పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది ఎక్కిస్తాడు, దాని కొన వెనకున్న వైరునో రేడియేటర్ ట్యాంకునో పలకరిస్తుంది. ప్లాస్టిక్ క్లిప్పుల్లో కొన్నింటికి నడిమి పుల్లను లోపలికి నొక్కాలి, కొన్నింటికి బయటికి లాగాలి. ఏది ఏదో చూసుకోకుండా కటింగ్ ప్లేయరుతో పీకే భక్తులే ఎక్కువ. ప్యానెల్ కదిలింది కదా అని ఒక్కసారిగా లాగితే ఇండికేటర్ కనెక్టరు కూడా వైర్లతో సహా చేతిలోకి వస్తుంది.

అంతా విప్పాక దర్శనమయ్యేది ఎంటీ-15 కాదు. కంపెనీవాడు ఎవరూ చూడరన్న ధీమాతో వదిలేసినవన్నీ కనిపిస్తాయి: రంగు వేయని బ్రాకెట్లు, కూలెంట్ డబ్బా, హారన్, పాయలు పాయలుగా వైరింగ్ కిట్, ముందు ముక్కులా పొడుచుకొచ్చిన ఇనప స్టే. ఆ స్టే మీదే లైటు, మీటరు, చాలా బళ్లలో అద్దాలు కూడా నిలబడి ఉంటాయి. స్టే తీస్తే మూడూ అనాథలే. ఉంచితే బండి ముక్కు ఊడిన విగ్రహం. అద్దాలు హ్యాండిలుకి పెడదామంటే క్లచ్ లివరు పట్టే దిమ్మెకి అద్దం మర అసలుండదు, ఎందుకంటే ఆ అద్దం ఫెయిరింగ్ మీద ఉండాల్సిందని కంపెనీ అనుకుంది. విడి క్లాంపు కొనాలి. అద్దాల మర సాధారణంగా 10 మి.మీ. ఉంటుంది. చాలా యమహాల్లో కుడి అద్దానిది ఎదురు మర. ఎంత బిగించినా ఎక్కట్లేదని సుత్తి తీసేలోపు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

లైటు సంగతి. ఏడంగుళాల గుండ్రటి డూమ్ ఒకటి తెచ్చి, ముందు చక్రాన్ని పట్టి ఉండే జంట ఫోర్కు గొట్టాలకు క్లాంపులతో పట్టించడం ఆచారం. గొట్టం 33 మి.మీ. కావచ్చు, 37 కావచ్చు, 41 కావచ్చు. వర్నియర్‌తో కొలవకుండా "పల్సర్‌ది ఇవ్వన్నా" అని అడిగితే ఆటోనగర్‌లో ఏదో ఒక పల్సర్‌ది ఇస్తారు. లూజు క్లాంపుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించేవాడికి గుంత గుంతకీ ఆకాశదర్శనం అవుతుంది. లైటు మరీ కిందికి దిగితే, గట్టిగా బ్రేకు వేసి ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు మడ్‌గార్డు వచ్చి దాని అడుగున తగులుతుంది. బిగించాక గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలబెట్టి, మనిషిని కూర్చోబెట్టి, లోబీమ్ పైఅంచు లైటు మధ్యభాగం ఎత్తు కన్నా రెండంగుళాలు కిందికి పడేలా సర్దాలి. ఎదురొచ్చే లారీ డ్రైవరుకి మీ త్యాగం కళ్లలో కొట్టనక్కర్లేదు.

అసలు పరీక్ష వైరింగ్‌లో ఉంది. ఫెయిరింగ్‌లోని లైటు ఫ్రేముకి పట్టి ఉండేది, హ్యాండిలు తిప్పినా అది కదిలేది కాదు, వైరూ కదిలేది కాదు. ఇప్పుడు లైటు ఫోర్కుతో పాటు తిరుగుతుంది. మెడ దగ్గర వైరుకి కాస్త వదులు లూపు వదలకపోతే రోజూ లాగుడు తిని, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తీగ తెగుతుంది. అప్పుడు ఎడమకి తిప్పినప్పుడు మాత్రమే లైటు ఆరిపోయే దివ్యమైన రోగం పట్టుకుంటుంది, నాలుగు షాపులు తిరిగినా దొరకదు. ఎల్‌ఈడీ లైటు ఉన్న బండికి 60/55 వాట్ల హెచ్4 బల్బు పెట్టేవాళ్లకు మరో శుభవార్త. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు. అంటే ఎల్‌ఈడీ కోసం వేసిన సన్న తీగలో పగలూ రాత్రీ నాలుగున్నర ఆంపియర్ల కరెంటు నడుస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సరైన మందం తీగ లాగి, మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చు, పెట్టాలి. కనెక్టర్లన్నిటినీ డూమ్ లోపల దాచాలి, ఇమడనివి ట్యాంకు కిందికి పంపాలి. నల్ల టేపు చుట్టి వదిలేస్తే మన మే నెల ఎండకు జిగురు కారి, జూలై వానకు ఊడి వస్తుంది. వేడి చేస్తే తీగ మీద బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వెల పది రూపాయల బేరం, దాని దగ్గరే అందరికీ పొదుపు గుర్తొస్తుంది.

ఫెయిరింగ్‌తో పాటు ఇండికేటర్లూ పోయాయి కనుక పుల్లల్లాంటి ఎల్‌ఈడీవి వస్తాయి. ఇండికేటర్లను ఆర్పి వెలిగించే పాత ఫ్లాషరు రెండు పది వాట్ల బల్బుల బరువుకి లెక్క కట్టింది. ఎల్‌ఈడీ తీసుకునే కరెంటు దానికి చాలక, బల్బు మాడిందనుకుని టకటకా కొట్టేస్తుంది. ఎల్‌ఈడీకి సరిపడే ఫ్లాషరు మారిస్తే కుదుటపడుతుంది. కానీ మీటర్లో రెండు వైపులకీ కలిపి ఒకే ఆకుపచ్చ లైటు ఉన్న బళ్లలో, ఎడమ స్విచ్ వేస్తే నాలుగూ వెలుగుతాయి, ఎందుకంటే ఆ చిన్న లైటు గుండా కరెంటు అవతలి వైపుకి పారుతుంది. కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్లు రెండు పెట్టి రెండు వైపుల నుంచీ ఆ లైటుకి ఇచ్చి, దాని రెండో కొనని ఎర్త్ చేస్తే తగ్గుతుంది. డయోడు ఖరీదు టీ అంత కూడా ఉండదు. అయినా ఊళ్లో మార్చిన బళ్లలో సగం నాలుగు దిక్కులా కన్ను కొడుతూనే తిరుగుతున్నాయి.

ఇక హ్యాండిలు. క్లిప్-ఆన్‌లు, అంటే ఫోర్కు గొట్టాలకే బిగించి ఉండే విడి పిడులు, ఉంచేస్తే లైటు గుండ్రంగా, నడుము విల్లులా మిగులుతుంది, కాబట్టి వెడల్పు గొట్టం పడాల్సిందే. దానికి పై టీ (ఫోర్కు గొట్టాల పై కొనలను కలిపి పట్టే దిమ్మె) మీద రైజర్లు (హ్యాండిలుని ఎత్తి పట్టే దిమ్మెలు) కావాలి, పై టీలో వాటికి రంధ్రాలు ఉండవు. లేత్ షాపుకి పట్టుకెళ్తే అన్న రెండు నిమిషాల్లో డ్రిల్లు చేసి ఇస్తాడు. అది పోత అల్యూమినియం, అడుగున ఎక్కడ దళసరి, ఎక్కడ పల్చన అన్నది తిరగేసి చూస్తేగానీ తెలియదు. వెల్డింగ్ మాత్రం వద్దే వద్దు. రైజరు పగిలితే పడేది యూ-టర్నులో కాదు, హైవే మీద. గట్టి దిమ్మె నుంచి చెక్కిన టీ దొరికితే అదే మేలు. హ్యాండిలు పది సెంటీమీటర్లు లేచిందంటే క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, బ్రేకు గొట్టం మూడూ పొట్టివైపోతాయి. ఇంజిను ఐడిల్‌లో ఉంచి హ్యాండిలుని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. ఆర్‌పీఎం పెరిగితే కేబులు లాగుతోందని అర్థం, అంటే ప్రతి యూ-టర్నులోనూ బండి తనంతట తానే దూకుతుంది. పిడి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. బ్రేకు గొట్టం పొడవుని ముందు చక్రం గాల్లోకి లేపి, ఫోర్కు పూర్తిగా సాగి ఉన్నప్పుడు, రెండు వైపులా తిప్పి దారంతో కొలవాలి, స్టాండు వేసి నిలబెట్టి కాదు. కొత్త గొట్టంతో పాటు దాని కొనను బిగించే బాంజో బోల్టుకి అటూ ఇటూ కొత్త రాగి వాషర్లు, డాట్ 4 బ్రేకు ఆయిలు, ఓపిగ్గా గాలి తీయడం. ఆ ఆయిలు చుక్క ట్యాంకు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు కూడా పరిత్యాగంలో చేరుతుంది.

ఇంత చేశాక బండెక్కితే చేతులు నిటారుగా, కాళ్లు మాత్రం కంపెనీ పెట్టిన చోటే వెనక్కి ముడుచుకుని ఉంటాయి. పై సగం కుర్చీలో, కింది సగం పీట మీద కూర్చున్న పెళ్లికొడుకు భంగిమ. ఫుట్‌రెస్టు ముందుకి జరపాలంటే గేర్ రాడ్డు, వెనక బ్రేకు కూడా జరగాలి. ఈ మెట్టు దగ్గర ఎక్కువమంది "ఇదే స్పోర్టీగా ఉంది" అని ప్రకటించి వ్రతం ముగిస్తారు.

రేడియేటరుకి ముందు జాలీ పెట్టుకోండి, టిప్పరు విసిరే కంకరకు ఇప్పుడు అడ్డేమీ లేదు. కూలెంట్ డబ్బాని ఎక్కడికి మార్చినా దాని పైపు అడుగు దాకా మునిగే ఉండాలి, లేకపోతే చల్లారేటప్పుడు రేడియేటరు కూలెంటుకి బదులు గాలి పీల్చుకుంటుంది. కొన్ని బళ్లలో, పడితే ఇంజిను ఆపే సెన్సరు కూడా ముందు స్టే మీదే ఉంటుంది. దాన్ని కేబుల్ టైతో ఎలా పడితే అలా వేలాడదీస్తే, నిలబడ్డ బండినే పడిపోయిందనుకుని స్టార్టు కానివ్వదు.

హైదరాబాదు-విజయవాడ హైవే ఎక్కాక గంటకు తొంభై దాటితే గాలి నేరుగా ఛాతీ మీద. గాలిని తోయడానికి కావాల్సిన శక్తి వేగంతో పాటు ఘనంలో పెరుగుతుంది కనుక, అదే ఇంజిను మునుపటి టాప్ స్పీడుని అందుకోదు. సూర్యాపేట చేరేసరికి మెడ పట్టేస్తుంది, హెల్మెట్ అద్దం నిండా పురుగులు.

చట్టం వైపు నుంచి గోరుచుట్టుపై రోకటిపోటు ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలతో సరిపోలకుండా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఒక్కో మార్పుకీ అన్న మాట గమనించాలి, పైన రాసిన మార్పుల్ని ఒకసారి లెక్కపెట్టుకోండి. 2019 ఏప్రిల్ తర్వాతి బళ్లకు ముందు హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబరు) ప్లేటు 285 బై 45 మి.మీ., ఒకసారి కొట్టిన స్నాప్ లాకు విరగ్గొట్టకుండా ఊడదు. ఫెయిరింగ్ మీద ప్లేటు ఉన్న బండికి అది పోయాక ప్లేటు ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోవాలి, మూల మీద కెమెరా పట్టుకుని నిలబడే కానిస్టేబుల్ ఫోటో తీసేది దాన్నే. బీమా సర్వేయరూ ఆర్సీ పక్కన బండిని పెట్టి చూస్తాడు. కనుక ఊడబీకిన ప్యానెళ్లను, విరిగిన చెవితో సహా, బోల్టుల కవర్లతో కలిపి పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టండి. అమ్మే రోజున కొనేవాడు మొట్టమొదట అడిగేది ఫెయిరింగే.