తోలు తొడిగిన టయోటా అనే మెసేజీ గురించి

మా ఓనరుకు బంగారుపాళ్యం వైపు మామిడి తోటలు, చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో వాటా ఉన్నాయి. కాపురం తిరుపతిలో. ఇంట్లో రెండు ఫార్చ్యూనర్లు, ఒక ఇన్నోవా, తోట పనికి ఒక బొలేరో. టైర్ల దగ్గర నుంచి ఇన్సూరెన్స్ దాకా వాటి మంచిచెడ్డలు పన్నెండేళ్ళుగా నావే. ఇప్పుడు ఆయనకు పెద్ద బండి మీద మనసైంది. టయోటా ల్యాండ్ క్రూజర్ 300 తీసుకోవాలా, టయోటా వాళ్ళదే ఖరీదైన బ్రాండు లెక్సస్‌లో ఎల్ఎక్స్ 500డి తీసుకోవాలా అన్నది రెండు నెలలుగా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ.

ఇంతలో వాళ్ళ బావమరిది ఒక మెసేజీ పంపాడు. అది నాకు అప్పటికే వేరే మూడు గ్రూపుల్లో వచ్చింది. మా ఊళ్ళో ఈ రెండు బండ్లూ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు గానీ, మెసేజీ మాత్రం ఫార్చ్యూనర్ ఉన్న ప్రతివాడి ఫోన్లోనూ ఉంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: "లెక్సస్ అంటే తోలు తొడిగిన టయోటానే. బ్యాడ్జికి కోటి రూపాయలు ఎక్కువ. దాని ఎయిర్ సస్పెన్షన్ మట్టిదారిలో గాలి పోయి కూర్చుంటుంది. ఘాట్ ఎక్కాలన్నా, వంక దాటాలన్నా ల్యాండ్ క్రూజరే. ఒకవేళ లెక్సస్ కొన్నా భయం లేదు, ఇంజన్ ఒకటే కాబట్టి ఏ టయోటా షెడ్డులోనైనా రిపేరు అవుతుంది. తెలివైనోడు టయోటా కొంటాడు, డబ్బు ఎక్కువైనోడు లెక్సస్ కొంటాడు."

దాని కింద ఓనరు ఒకే మాట రాశాడు: "ఇది నిజమేనా చూసి చెప్పప్పా." చూశాను. చెప్తున్నాను.

ముందు నిజమున్న చోట ఒప్పుకుందాం. రెండిటికీ కింద ఉన్న ఛాసిస్ ఒకటే, జీఏ-ఎఫ్ అంటారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండిట్లోనూ 2850 మి.మీ. మన దేశంలో అమ్మే రెండిట్లోనూ 3.3 లీటర్ల వీ6 ట్విన్ టర్బో డీజిల్, 700 న్యూటన్ మీటర్ల టార్క్, 10 గేర్ల ఆటోమేటిక్. బురదలో, ఏటవాలులో మెల్లగా, బలంగా లాగే లో రేంజ్ గేర్లూ రెండిట్లో ఉన్నాయి. ఇంతవరకూ మెసేజీ రాసినాయన పాస్. "కాబట్టి రెండూ ఒకటే బండి" అన్న తర్వాతి వాక్యం దగ్గరే గాడి తప్పాడు. ఒకే పిండితో ఇడ్లీ వేయొచ్చు, దోసె పోయొచ్చు. తినేవాడికి తేడా తెలుస్తుంది కదా.

కోటి అన్నది కూడా తప్పే. 2025 మొదట్లో షోరూమ్ ధరలు చూస్తే ల్యాండ్ క్రూజర్‌లో జెడ్ఎక్స్ అనే వేరియంట్ 2.31 కోట్లు, జీఆర్-ఎస్ అనేది 2.41 కోట్లు. ఎల్ఎక్స్‌లో అర్బన్ అనే వేరియంట్ 3 కోట్లు, ఓవర్‌ట్రైల్ అనేది 3.12 కోట్లు. అంటే తేడా 70 లక్షలు, కాస్త అటూ ఇటూ. అదే ఏడు సెప్టెంబరులో జీఎస్టీ మారాక రెండూ తగ్గాయి, తేడా కూడా ఇంకొంచెం దిగింది. లైఫ్ టాక్స్ ధర మీద శాతం లెక్కన పడుతుంది కాబట్టి రోడ్డు మీదకొచ్చేసరికి తేడా మళ్ళీ పెరుగుతుంది, ఆ మాట నిజం. అయినా కోటికి చేరదు. 70 లక్షలు చిన్న మొత్తమని నేననడం లేదు. 2025 సీజన్లో తోతాపురికి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం కిలో 12 రూపాయలని తేల్చారు చూడండి, ఆ రేటున 70 లక్షలంటే 583 టన్నుల కాయ. లారీకి పది టన్నులు వేసుకున్నా 58 లారీలు. ఈ లెక్క ఓనరుకు చెప్తే కాసేపు మాట్లాడలేదు.

ఇక సస్పెన్షన్. మెసేజీలో నాకు బాగా ఒళ్ళు మండింది ఇక్కడే. ఎల్ఎక్స్‌లో ఉన్నది ఎయిర్ సస్పెన్షనే కాదు. గాలి బెలూన్ల మీద నిలబడే జర్మనీ, ఇంగ్లండ్ బండ్ల సంగతి విని దీనికి అంటగట్టారు. ఎల్ఎక్స్‌లో ఉన్నది నూనెతో పనిచేసే హైడ్రాలిక్, ఏహెచ్‌సీ అంటారు. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే ట్రాక్టరు వెనక కల్టివేటర్‌ను లేపే లిఫ్ట్ లాంటిది. పంపు నూనెను తోస్తుంది, బండి లేస్తుంది. నూనెను వదిలితే దిగుతుంది. నైట్రోజన్ గ్యాసు నింపిన గుండ్లు కుదుపును మింగుతాయి. వీటికి తోడు మామూలు కాయిల్ స్ప్రింగులు ఎలాగూ ఉంటాయి. కాబట్టి గాలి పోయి కూర్చోవడమన్న ప్రశ్నే లేదు.

అసలు ఏహెచ్‌సీ లెక్సస్ సొంత సోకు కూడా కాదు. 1998లో వచ్చిన 100 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌కే కొన్ని దేశాల్లో ఇది ఉండేది. ఏళ్ళు మీద పడిన పాత బండ్లలో ఆ గుండ్లలో గ్యాసు పట్టు తగ్గుతుంది, అప్పుడు బండి గుంతల్లో నడుముకు కొడుతుంది, నూనె కూడా మార్చాల్సి వస్తుంది. ల్యాండ్ క్రూజర్ 300లో బండిని లేపి దించే ఈ బాదరబందీ లేదు. పదిహేనేళ్ళు ఉంచుకునే వాడికి అది పెద్ద లాభం. మెసేజీ రాసినాయన ఈ ఒక్క ముక్క రాసి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి.

మట్టిదారిలో నిజంగా చూడాల్సింది టైరు. ఎల్ఎక్స్ అర్బన్‌కు 22 అంగుళాల చక్రాలు. చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ, టైరు పక్కగోడ పలచన. మా తోట దారిలో నల్లరాళ్ళు కత్తుల్లా లేచి ఉంటాయి, బొలేరో టైరుకే పోయిన వానాకాలం పక్కన చీలిక పడింది. అదే లెక్సస్‌లో ఓవర్‌ట్రైల్ తీసుకుంటే 18 అంగుళాల చక్రం, లావుపాటి ఆల్ టెర్రైన్ టైరు, ఒక చక్రం జారినా రెండోది లాగేలా చేసే డిఫరెన్షియల్ లాకులు ఉన్నాయి. ల్యాండ్ క్రూజర్‌లో జీఆర్-ఎస్‌కు లాకులు ఉన్నాయి. అంటే రాళ్ళ దారికి ఏది పనికొస్తుందన్నది పేరును బట్టి కాదు, వేరియంట్‌ను బట్టి తేలుతుంది.

ఘాట్ మాటకొస్తే నవ్వొచ్చింది. ల్యాండ్ క్రూజర్ వంశానికి కొండలెక్కిన పేరుంది, కాదనను. దాని తాత బీజే జీపు 1951లో జపాన్‌లో ఫ్యూజీ పర్వతం ఆరో మజిలీ దాకా ఎక్కింది. కానీ మన తిరుమల ఘాట్‌లో దేవస్థానం పెట్టిన లెక్క ఏమిటి? ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తక్కువ కాకూడదు. ముందే చేరితే ఫైను. ఆల్టోలో పోయినా అంతే, మూడు కోట్ల బండిలో పోయినా అంతే. దిగేటప్పుడు కావలసింది గేరు తగ్గించి ఇంజన్ బ్రేకింగ్‌తో దింపే డ్రైవరు. అది రెండు షోరూముల్లోనూ అమ్మరు.

వంక దాటడం గురించి ఒక మాట. రెండు బండ్లకూ కంపెనీ చెప్పే నీటి లోతు ఒకటే, 700 మి.మీ. అది నిలిచిన నీటి లెక్క. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు ఒడ్డున నిలబడి చూసినవాణ్ణి. ఎర్రగా, చెట్ల మొద్దుల్ని తోసుకుంటూ పోయే ఆ నీళ్ళలో కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో ఎవరికి తెలుసు? "ఏం కాదు, బండి పెద్దది" అని ఆ మెసేజీని నమ్మి ఎవరైనా దించితే ఆ పాపం రాసినవాడిదే.

షెడ్డు సంగతి మెసేజీలో అన్నిటికంటే ప్రమాదమైన సలహా. ఇంజన్ ఒకటైతే ఆయిలు మార్చొచ్చు, ఫిల్టరు మార్చొచ్చు. తలుపు గొళ్ళెం దగ్గర నుంచి సస్పెన్షన్ దాకా కంప్యూటర్‌తో నడిచే బండికి స్కానర్ ఒప్పుకోవాలి కదా. మూడేళ్ళ కింద ఓనరు స్నేహితుడి ఇంపోర్టెడ్ బండిలో (ఈ రెండూ కాదు, వేరే కంపెనీ) డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే, రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాం. "మనం చేసేస్తాం లేన్నా" అన్నారు. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. పదో రోజు టో బండి ఎక్కించి చెన్నై పంపాం. అక్కడ రెండు గంటల పని.

లెక్సస్ షోరూమ్ తిరుపతిలో లేదు. దగ్గర్లో ఉన్నది చెన్నై, లేకపోతే బెంగళూరు. ప్రతి సర్వీసుకూ ఒక రోజు పోతుంది. ఇది లెక్సస్ మీద నిఖార్సయిన అభ్యంతరం, విచిత్రంగా మెసేజీలో ఇదే లేదు. ల్యాండ్ క్రూజర్‌కైనా ఇన్నోవాకు దొరికినట్టు సామాను క్షణాల్లో దొరుకుతుందనుకోవద్దు, ఏ స్టోరులోనైనా రోజూ తిరిగే బండ్ల సరుకే పెడతారు. ఇంకో పక్క వారంటీ చూడండి. 2024 జూన్ నుంచి అమ్మిన కొత్త లెక్సస్‌లకు 8 ఏళ్ళు లేదా 1,60,000 కి.మీ. టయోటాకు మామూలుగా వచ్చేది 3 ఏళ్ళు లేదా లక్ష కి.మీ., ఆపైన కావాలంటే డబ్బు కట్టి పొడిగించుకోవాలి. 70 లక్షలూ బ్యాడ్జికే పోయాయనేవాళ్ళు ఈ ఐదేళ్ళ తేడాకు ఎంత విలువ కడతారో చెప్పాలి.

రీసేల్‌లో టయోటా పేరు త్వరగా అమ్ముడుపోతుంది. ఒప్పుకుంటాను. వాదన లేదు.

ఇక తెలివైనోడు, డబ్బు ఎక్కువైనోడు. పోయిన నెల ఓనరునూ, వాళ్ళమ్మనూ చెన్నై తీసుకెళ్ళాను, పుత్తూరు, నగరి మీదుగా. అవ్వకు ఎనభై దాటాయి, మోకాళ్ళు వంగవు. ఫార్చ్యూనర్ ఎక్కాలంటే డిక్కీలో నుంచి చెక్క పీట తీసి వేయాలి. నేను ఒక చెయ్యి, ఆమె కొడుకు ఒక చెయ్యి పట్టుకోవాలి. షోరూములో ఎల్ఎక్స్ తలుపు తీసేముందు బండి మెల్లగా కిందికి దిగింది. అవ్వ సీటు మీద చెయ్యి ఆనించి, నడుము తిప్పి, ఎవరినీ పట్టుకోకుండా కూర్చుంది. అదే రోజు వేరే షోరూములో ల్యాండ్ క్రూజర్ చూశాం. మెట్టు ఉంది గానీ, బండి దిగదు. అవ్వ మెట్టును చూసి, నన్ను చూసి, "పీట తెచ్చినావా నాయనా?" అంది.

తిరుగుదారిలో ఓనరు లెక్క మొదలుపెట్టాడు. "70 లక్షలకు ఒక పీట మిగులుతుందన్నమాట" అన్నాడు. వెనక సీట్లో నుంచి అవ్వ, "నా మీద పెట్టి కొనొద్దు, నేనెన్నాళ్ళుంటాను" అంది. ఆ తర్వాత నగరి దాకా ఎవరూ మాట్లాడలేదు.

నా అభిప్రాయం ఆయనకు చెప్పేశాను. తోటకు ఎలాగూ బొలేరోనే పోతుంది. ఈ పెద్ద బండి తిరిగేది తిరుమల, చెన్నై, బెంగళూరు, వెనక సీట్లో అవ్వ. ఈ ఇంటికైతే ఓవర్‌ట్రైల్, సర్వీసుకు చెన్నై పోయే ఓపిక నాకుంది. బండి తోటలోనే పడి ఉండే ఇంటికైతే కళ్ళు మూసుకుని జీఆర్-ఎస్. ఆయన ఇంకా అడ్వాన్సు కట్టలేదు. పీట ఫార్చ్యూనర్ డిక్కీలోనే ఉంది.