పేకాట సీనుకి నలభై నిమిషాలు

మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో మా 'కన్యాశుల్కం' నాటకంలోని పేకాట సీను ఆగిపోయిన సంగతి మీకందరికీ తెలుసు. కమిటీవాళ్లు ముందు నలభై నిమిషాలన్నారు, తర్వాత పన్నెండన్నారు, చివరికి "డీజే సెటప్ చేసుకోవాలండీ, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. నాలుగు నెలలు ప్రతి శనివారం మా బేస్‌మెంట్లో రిహార్సల్ చేశాం. మధురవాణి వేషం కట్టిన అమ్మాయి ఇక్కడే, అమెరికాలోనే పుట్టింది. విజయనగరం యాస పట్టుబడాలని రోజూ అమ్మమ్మకి ఫోన్ చేసేది. ఆ సాయంత్రం, అక్కడ ఇంకా తెల్లవారకుండానే, ఆ పెద్దావిడ లేచి వీడియో కాల్‌లో కూర్చుంది. ఆ పిల్ల రంగు తుడుచుకుంటుంటే చూడలేక నేను పార్కింగ్‌లోకి వెళ్లిపోయాను.

న్యూయార్క్‌లో మా ఆఫీసుకి దగ్గర్లోనే జాన్ స్ట్రీట్. 1767లో అక్కడ ఎర్రరంగు వేసిన చెక్క నాటకశాల ఒకటి వెలిసింది. 1776లో ఊరు బ్రిటిష్ సైన్యం చేతికి చిక్కింది. మరుసటి జనవరిలో దానికి థియేటర్ రాయల్ అని పేరు మార్చి, ఫీల్డింగ్ రాసిన 'టామ్ థంబ్' నాటకంతో మొదలుపెట్టి, సైనికాధికారులే వేషాలు కట్టారు. ఎక్కువగా హాస్య నాటకాలే. టిక్కెట్ల డబ్బు సైనికుల వితంతువులకి, పిల్లలకి అని ప్రకటించారు. ఆడవేషాలు కొన్ని కుర్ర అధికారులే వేశారు. ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావుగారి గురించి వింటూ పెరిగినవాళ్లం, అది మనకి వింతేం కాదు.

పరాయి ఊరిని పట్టుకుని కూర్చున్న దొరలని నేను మెచ్చుకోను. కానీ సముద్రానికి ఈవల, యుద్ధం మధ్యలో, తమ మాటలతో తాము నవ్వుకోడానికి వాళ్లు చోటు చేసుకున్నారు. 1783లో ఓడలెక్కి వెళ్లిపోయారు. నాటకశాల మిగిలింది. 1787 ఏప్రిల్ 16న అదే వేదిక మీద బోస్టన్‌లో పుట్టిన రాయల్ టైలర్ రాసిన హాస్య నాటకం ఆడారు. ఈ దేశపు మనిషి, ఈ దేశపు మాటలు.

కమిటీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు, రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాను. హాలుకి గంటల లెక్కన అద్దె. పిల్లల డ్యాన్సులుంటేనే తల్లిదండ్రులొస్తారు, స్పాన్సర్లు అడిగేదీ అదే. నిజమే. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో నాటకం మొదలయ్యేసరికి రాత్రి పది దాటేది, తెల్లారేదాకా చాపల మీంచి ఒక్కరూ లేచేవారు కాదు. అంత అడగడం లేదు.

దీపావళికి, భోజనాలకి ముందు, నలభై నిమిషాలివ్వండి. నాలుగు కాలర్ మైకులు చాలు, తెర మేమే తెచ్చుకుంటాం. ఇస్తారో లేదో కాస్త ముందుగా చెప్పండి. ఆ అమ్మమ్మని మళ్లీ చీకట్నే లేపాలి.