పైసా పుచ్చుకోకుండా 121 ఓటములు

షికాగో వైట్‌సాక్స్ బేస్‌బాల్ జట్టు 2024లో 162 మ్యాచ్‌లు ఆడి 121 ఓడిపోయింది. 1900 తర్వాత మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో, ఏ జట్టూ ఒక్క సీజన్‌లో ఇన్ని ఓడలేదు. అప్పటిదాకా ఆ గౌరవం 1962 నాటి న్యూయార్క్ మెట్స్‌ది, 120 ఓటములతో. అరవై రెండేళ్ళుగా చెక్కుచెదరని రికార్డును పగలగొట్టినవాళ్ళని ఊరేగించాల్సింది పోయి ఊరంతా నవ్వింది. ఎవరూ నోరు మెదపడం లేదు కాబట్టి నేను మెదపాల్సి వస్తోంది.

వీళ్ళ చరిత్ర తెలిస్తే మీరూ నవ్వరు. ఇదే వైట్‌సాక్స్ 1919 వరల్డ్ సిరీస్‌లో, అంటే లీగ్ ఫైనల్స్‌లో, సిన్సినాటి చేతిలో ఓడింది. జూదగాళ్ళ డబ్బు తీసుకుని ఓడారన్న గొడవలో ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. కోర్టు వదిలేసింది గానీ లీగ్ కమిషనర్ వదల్లేదు, జీవితకాల నిషేధం వేశాడు. నూట అయిదేళ్ళ తర్వాత వాళ్ళ వారసులు ఎవరి దగ్గరా పైసా ముట్టకుండా మార్చి నుంచి సెప్టెంబర్ దాకా అదే పని చేసి చూపించారు. ప్రాయశ్చిత్తం అంటే ఇది కాదా?

మొదటి 25 మ్యాచ్‌ల్లో 22 పోయాయి. ఇంత మంచి ఆరంభం దొరికితే ఎవరైనా కాస్త నడుం వాలుస్తారు. వీళ్ళు వాల్చలేదు. జులై, ఆగస్టుల్లో వరసగా 21 ఓడి, అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో ఇదొక సగం) 1988 నాటి బాల్టిమోర్ రికార్డును అందుకున్నారు. ఇంకొక్కటి పోతే రికార్డు పూర్తిగా సొంతం. సరిగ్గా అక్కడ ఓక్లాండ్‌లో 5-1తో గెలిచి అంతా పాడుచేసుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్ ఉద్యోగం ఊడింది. బేస్‌బాల్‌లో కోచ్‌ని మేనేజర్ అంటారు లెండి. 21 ఓడినన్నాళ్ళూ కుర్చీలో ఉంచి, గెలిచాక పీకేశారంటే యాజమాన్యం మనసులో ఏముందో వేరే చెప్పాలా?

వీళ్ళ పనితనం దగ్గర్నుంచి చూడాలంటే మే 23న బాల్టిమోర్‌తో మ్యాచ్ చాలు. తొమ్మిదింట్లో ఆఖరి ఇన్నింగ్స్, 8-6తో వెనకబడి బ్యాటింగ్ చేస్తున్నారు. రెండు పరుగులు చేస్తే సమం, బేసుల మీద ఇద్దరున్నారు, ఒక్కడే అవుటయ్యాడు, ముగ్గురు పోతే గానీ ఇన్నింగ్స్ ముగియదు. బంతి నిట్టనిలువుగా గాల్లోకి లేచింది. ఇలాంటప్పుడు ఫీల్డర్ పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుటే. దాన్ని ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటారు. రెండో బేసు దగ్గర ఉన్న ఆండ్రూ వాన్, తన మానాన తాను బేసుకి తిరిగొస్తూ, బంతి కోసం వస్తున్న ఫీల్డర్ దారిలో పడ్డాడు. ఆ ఫీల్డర్ క్యాచ్ పట్టేశాడు కూడా. అయినా అంపైర్ అడ్డొచ్చావన్నాడు, వాన్ కూడా అవుట్, ఆట ఖతం. నేల మీద పడని ఒక్క బంతికి ఇద్దరు! అలాంటి ఓటమిని ప్రాక్టీసు చేసి సాధించలేం, రాసిపెట్టి ఉండాలి.

అందరూ సమానంగా కష్టపడ్డారని అనను. క్యాచర్ మార్టిన్ మాల్డొనాడో బ్యాటింగ్ సగటు .119, అంటే వంద సార్లకు పన్నెండు హిట్లు. ఇదీ క్రమశిక్షణ. మరోపక్క గారెట్ క్రోషే అనే పిచర్ (మన బౌలర్ లాంటివాడు) 209 మందిని స్ట్రైక్ అవుట్ చేసి ఆల్‌స్టార్ జట్టులోకి వెళ్ళాడు. ఎరిక్ ఫెడీ అనే ఇంకో పిచర్ ఏకంగా ఏడు మ్యాచ్‌లు గెలిపించాడు. ఇలాంటివాళ్ళని ఉపేక్షిస్తే మిగతా కుర్రాళ్ళు చెడిపోరూ? ఫెడీని జులైలోనే సెయింట్ లూయిస్‌కి పంపించేశారు, క్రోషేని డిసెంబర్‌లో బోస్టన్‌కి.

ఇండియా నుంచి వచ్చిన మా మామగారికి టీవీలో ఈ ఆట అర్థం కాలేదు గానీ స్కోరు అర్థమైంది.

"ఇన్ని ఓడితే కింది లీగుకి దించరా, అల్లుడుగారూ?"

"దించరు మామగారూ. ఇక్కడ ఆ పద్ధతి లేదు."

"జీతాలు?"

"ఆపరు."

"అయితే మాలాగే పర్మనెంటన్నమాట," అన్నారు, ముప్ఫై ఏళ్ళు సర్కారీ కొలువు చేసిన మనిషి.

పర్మనెంటే గానీ రిజర్వేషన్ మాత్రం దక్కలేదు. ఓడిన జట్లకి ఓదార్పుగా, కొత్త కుర్రాళ్ళని ముందుగా ఏరుకునే అవకాశం లాటరీ తీసి ఇస్తారు. వైట్‌సాక్స్ పెద్ద ఊరి జట్టు కాబట్టి వరసగా రెండేళ్ళు ఆ లాటరీలో ఉండకూడదట. మన క్రీమీ లేయర్ లాంటి లెక్కే. 121 ఓడినా 2025లో పదో స్థానంతో సరిపెట్టుకోవాల్సొచ్చింది.

అభిమానులూ తక్కువేం తినలేదు. 120 ఓటములతో మెట్స్‌ని అందుకుని సెప్టెంబర్ 24న సొంత మైదానంలో దిగారు. ఆ స్టేడియానికి ఒక హోమ్ లోన్ కంపెనీ పేరు పెట్టారు, అప్పట్లో ఆ కంపెనీ గుర్తు కిందికి చూసే ఎర్ర బాణం. చరిత్ర కళ్ళారా చూద్దామని టికెట్ కొనుక్కున్నవాళ్ళకి వీళ్ళేం చేశారు? ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 2-0తో బుద్ధిగా వెనకబడి ఉండి, హఠాత్తుగా మూడు పరుగులు చేసి గెలిచారు. జనం "టీమ్ అమ్మెయ్" అని ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ మీద అరుస్తూనే ఉన్నారు. మర్నాడూ గెలిచారు, ఆ మర్నాడూ గెలిచారు. పెళ్ళికి పిలిచి ముహూర్తానికి తలుపేసుకోవడం అంటే ఇదే. చివరికి 27న డెట్రాయిట్ వెళ్ళి 121వది ఓడారు. సొంత ఊరికి దక్కాల్సిన వేడుక పక్క రాష్ట్రం పాలైంది, అదే రాత్రి ప్లేఆఫ్స్‌కి చేరిన డెట్రాయిట్ వాళ్ళు తమ పండగ తాము చేసుకున్నారు. పోనీ అక్కడితో ఆగారా? చివరి రెండూ గెలిచి మొత్తం గెలుపులు 41 చేశారు. మెట్స్‌వి 40. శాతం లెక్కేస్తే మెట్సే అధ్వాన్నం! నాకిప్పటికీ నిద్ర పట్టదు.

2025 మేలో పోప్‌గా ఎన్నికైన లియో 14 షికాగో ప్రాంతం మనిషి, ఈ జట్టు అభిమాని. 2005లో వీళ్ళు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు మొదటి మ్యాచ్‌కి వచ్చి స్టేడియంలో కూర్చున్నారు. ఇప్పుడు ఆయన కూర్చున్న సెక్షన్ 140 దగ్గర ఒక స్తంభం మీద ఆయన బొమ్మ వేశారు. మంచిదే, వద్దనను. ఊరికే కూర్చుని చూసినాయనకే స్తంభం ఇచ్చినప్పుడు, ఏడాదంతా నిలబడి ఓడినవాళ్ళకి కనీసం ఒక కుర్చీ వెనకాల చిన్న రేకు ముక్క కొట్టలేరా? ఖర్చు నేను పెట్టుకుంటాను. మేకులు మాత్రం వాళ్ళు పట్టుకోకూడదు, జారవిడుస్తారు.