అసలు సొమ్ము ముట్టుకోని విశ్రాంత జీవితానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు?

విశాఖలో ఉక్కు కర్మాగారం నుంచో, పోర్టు నుంచో, రిఫైనరీ నుంచో పదవీ విరమణ చేసిన మనిషికి బంధువులూ పాత సహోద్యోగులూ చెప్పే మొదటి సలహా ఒకటే: అసలు సొమ్ము ముట్టుకోవద్దు, వడ్డీతో గడుపుకో. ఈ మాటను ఎవరూ ప్రశ్నించరు. మధ్యతరగతి విశ్రాంత ఉద్యోగులకు ఇంతగా నష్టం చేసిన సలహా మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. ఉక్కు కర్మాగారం భవిష్యత్తుపై నడుస్తున్న వివాదం పాఠకులకు తెలిసిందే కనుక దాని జోలికి పోను. అయితే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద యాభై దాటగానే బయటికి వచ్చినవారి సొమ్ము ఇరవై ఏళ్లు కాదు, ముప్ఫై అయిదేళ్లు నడవవలసి ఉంటుంది. ఈ సలహా వల్ల అందరికన్నా ఎక్కువ దెబ్బతినేది వారే.

ముందు పింఛను సంగతి చూద్దాం. పీఎఫ్ చందాదారులకు వర్తించే ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95 కింద 2014లో నిర్ణయించిన 15,000 రూపాయల వేతన పరిమితిపై లెక్క వేస్తే, 35 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి కూడా నెలకు వచ్చేది 8,000 రూపాయల లోపే. అదే ఏడాది సెప్టెంబరులో కనీస పింఛనును 1,000 రూపాయలుగా ఖరారు చేశారు. ఒకసారి మంజూరైన పింఛను ధరలతోపాటు పెరగదు. కాబట్టి పెరిగే ధరల భారమంతా పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్మే మోయాలి. అటువంటి సొమ్మును కూడా ఎదుగూ బొదుగూ లేని వడ్డీకి కట్టివేస్తే ఆ భారం మోసేదెవరు?

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి వారంలో గాజువాక వైపు ఏ పోస్టాఫీసుకు వెళ్లినా, ప్లాస్టిక్ కవరులో పాస్‌బుక్ పెట్టుకొని వరుసలో నిలబడిన పెద్దవారు కనిపిస్తారు. సీనియర్ సిటిజన్ పొదుపు పథకం వడ్డీ మూడు నెలలకొకసారి జమ అయ్యే రోజులవి. ఆ పాస్‌బుక్‌లో పడే అంకెను నమ్ముకున్నవారికి ఏం జరిగిందో ఒక్క ఉదాహరణ చాలు. 2015 ఏప్రిల్‌లో ఈ పథకం వడ్డీ 9.3 శాతం, అప్పటి గరిష్ఠ పరిమితి 15 లక్షలు. అంత మొత్తమూ వేసినవారికి మూడు నెలలకు 34,875 రూపాయలు వచ్చేవి. అయిదేళ్ల గడువు తీరి 2020 ఏప్రిల్‌లో తిరిగి అదే మొత్తం వేస్తే వడ్డీ 7.4 శాతానికి పడిపోయి, చేతికి వచ్చింది 27,750 రూపాయలు. అసలు చెక్కుచెదరలేదు. కానీ ఇంట్లోకి వచ్చే డబ్బులో అయిదో వంతు పోయింది, ఈలోగా మందుల చీటీ, కరెంటు బిల్లు, అపార్టుమెంటు నిర్వహణ రుసుము అన్నీ పెరిగాయి. 2023 ఏప్రిల్‌లో పరిమితిని 30 లక్షలకు, వడ్డీని 8.2 శాతానికి పెంచారు, మంచిదే. కానీ అయిదేళ్ల తర్వాత ఆ రేటు ఎంత ఉంటుందో ఏ విశ్రాంత ఉద్యోగి చేతిలోనూ లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అరవయ్యో ఏట ఒకరి చేతిలో 60 లక్షలు ఉన్నాయనీ, రాబడి ఏటా 7 శాతం, ధరల పెరుగుదల 6 శాతం ఉంటాయనీ అనుకుందాం. వడ్డీ మాత్రమే తినేవారికి నెలకు 35,000 రూపాయలు వస్తాయి, ఆ అంకె ఇక ఎప్పటికీ మారదు. ఇరవై అయిదో ఏట ఆ 35,000తో దొరికేది ఈనాడు 8,600 రూపాయలకు దొరికే సరుకు. దీనికి భిన్నంగా, అసలు కూడా క్రమంగా కరిగి సరిగ్గా 25 ఏళ్లకు ఖర్చయ్యేటట్లు ప్రణాళిక వేసుకున్నవారు మొదటి ఏడాది నెలకు సుమారు 22,300 రూపాయలే తీసుకోవాలి, కానీ ఆ మొత్తాన్ని ఏటా 6 శాతం పెంచుకుంటూ పోవచ్చు. తొమ్మిదో ఏటికి అది 35,000 దాటుతుంది, చివరి ఏడాదికి నెలకు 90,000 అవుతుంది. ఎనభై నాలుగేళ్ల వయసులో ఆ దంపతులు తినే తిండీ వేసుకునే మందులూ అరవయ్యో ఏట ఉన్న స్థాయిలోనే ఉంటాయి. పొదుపు పేరుతో మనం చేస్తున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. కాళ్లూ చేతులూ ఆడుతున్న రోజుల్లో తాహతుకు మించి ఖర్చు చేసి, మంచం పట్టే వయసు వచ్చేసరికి పైసా పైసా లెక్క పెట్టుకుంటున్నాం. ఇంతా చేసి మిగుల్చుకున్న ఆ 60 లక్షల విలువ అప్పటికి ఈనాటి 14 లక్షలు.

తీసుకునే క్రమం కూడా తీసుకునే మొత్తమంత ముఖ్యం. రెండేళ్ల ఖర్చు బ్యాంకులో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షలను ఒకే ఖాతాలో వేయకుండా నాలుగైదు ఖాతాలుగా విడగొట్టాలి, ఎందుకంటే అందులో కొంత భాగం మాత్రమే తీసుకునే వీలు లేదు, గడువుకు ముందు తీస్తే ఖాతా మొత్తం మూయవలసిందే. మిగిలిన దాంట్లో కొంత షేర్లతో ముడిపడిన ఫండ్లలో ఉండాలని కూడా నేనంటాను. 2020 మార్చి నాటికి షేర్ల సూచీ నిఫ్టీ రెండు నెలల్లో 12,000 పైనుంచి 7,600కు పడింది, అదే ఏడాది నవంబరుకల్లా మళ్లీ 12,000 దాటింది. ఆ మార్చిలో ఇంటి ఖర్చు కోసం ఫండ్ల యూనిట్లు అమ్ముకోవలసి వచ్చినవారు నష్టపోయారు, బ్యాంకులో రెండేళ్ల ఖర్చు ఉన్నవారు ఆగగలిగారు. ఇక భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి విశ్రాంత ఉద్యోగులకు అమ్ముతున్న స్థలాల గురించి ఒక్క మాట: స్థలంలోంచి నెలకు ఇరవై వేలు కోసి తీసుకోలేము.

నూరేళ్లు బతికితే ఏం చేయాలి, పెద్ద జబ్బు వస్తే ఏం చేయాలి అన్నది ఎదుటివారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆరోగ్య బీమా, వైద్యం కోసం విడిగా కేటాయించిన నిధి, ప్రణాళికను 25 ఏళ్లకు బదులు 30 ఏళ్లకు వేసుకోవడం. జబ్బు భయంతో అసలు మొత్తాన్నీ తాళం వేసి ఉంచినంత మాత్రాన, పాతికేళ్లకు విలువ నాలుగో వంతు కూడా మిగలని సొమ్ము ఆస్పత్రి బిల్లును ఆదుకోదు.

నిజానికి అసలు ముట్టుకోకపోవడానికి కారణం జబ్బు భయం కాదు. ఆ డబ్బు తమది కాదని, పిల్లలదని మన తల్లిదండ్రులు నమ్మడమే కారణం. ఈ నమ్మకాన్ని ప్రశ్నించకుండా ఎన్ని పథకాలు చెప్పినా ప్రయోజనం లేదు. కొడుకు విదేశీ చదువుకో, కూతురు పెళ్లికో మొదటి ఏడాదే పాతిక లక్షలు ఇచ్చేసి, మిగిలినది ముట్టుకోకుండా కాపాడి, ఉన్న ఇంటిని కూడా బతికుండగానే రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వడాన్ని మనం ప్రేమ అంటున్నాం. ఆ ఇల్లు కూడా వారి జీవితకాలపు పొదుపే. అరవై దాటినవారు సొంత ఇంట్లోనే ఉంటూ దాని విలువపై బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు పొందే రివర్స్ మార్టగేజ్‌ను 2007లోనే ప్రవేశపెట్టారు. వారు ఆ ఇంట్లో ఉన్నంతకాలం అప్పు తీర్చనక్కరలేదు, తదనంతరం వారసులు తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు. ఇంత మంచి సదుపాయం వాడుకలోకి రాకపోవడానికి ఇల్లు తాకట్టు పెడితే పిల్లలు ఏమనుకుంటారోనన్న జంకే ప్రధాన కారణమని నేను భావిస్తున్నాను.

పిల్లలకు ఇవ్వాలనుకునేవారు వీలునామా రాయాలి, బతికుండగా దానపత్రం కాదు. తప్పనిసరిగా దానపత్రమే రాయవలసి వస్తే, తమను పోషించాలన్న షరతును అందులోనే స్పష్టంగా రాయించుకోవాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం షరతు ఉల్లంఘిస్తే ట్రిబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. అలా ఒక తల్లి కొడుకుకు రాసిచ్చిన పత్రాన్ని 2025 జనవరిలో సుప్రీంకోర్టు రద్దు చేసి, ఆస్తిని ఆమె స్వాధీనం చేయాలని ఆదేశించింది. షరతు ఉన్నట్లు రుజువు కాని మరో కేసులో, 2022 డిసెంబరులో, అదే కోర్టు తల్లికి ఆ ఊరట ఇవ్వలేదు.