చొక్కాను కాదు, నిబంధనను చూసి కొనండి

ట్రాన్స్‌జెండర్ల హక్కులకు అండగా నిలవాలంటే ఊరేగింపులో నడవక్కర్లేదు, వాళ్లను గౌరవించే దుకాణంలో సరుకులు కొన్నా చాలు అనే మాట అమెరికాలో 2016 నుంచి గట్టిగా వినిపిస్తోంది. దీన్ని ఎగతాళి చేసేవాళ్లూ తక్కువేమీ లేరు. సబ్బులు, సాక్సులు కొనుక్కుని ఉద్యమం చేశామనుకుంటే ఎలా అని వాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయినా ఆ కొనుగోలును మేము చులకన చేయబోం. దేనికి డబ్బు ఇస్తున్నామో తెలిసి కొంటే అది మద్దతే అవుతుంది. తెలియకుండా కొంటే మాత్రం అది ఉత్త షాపింగ్.

2016 మార్చి 23న నార్త్ కరోలినా రాష్ట్ర శాసనసభ హెచ్‌బీ2 అనే బిల్లును ఒక్క రోజులో ఆమోదించింది. ఆ రోజే గవర్నర్ ప్యాట్ మెక్‌క్రోరీ సంతకం పెట్టేశారు. ప్రభుత్వ భవనాల్లో, ప్రభుత్వ బడుల్లో జనన ధ్రువీకరణ పత్రంలో రాసి ఉన్న లింగాన్ని బట్టే టాయిలెట్ వాడాలన్నది ఆ చట్టం. నెల తిరక్కముందే, ఏప్రిల్ 19న, టార్గెట్ అనే పెద్ద రిటైల్ సంస్థ దీనికి భిన్నమైన ప్రకటన చేసింది. తమ దుకాణాల్లో కస్టమర్లయినా సిబ్బంది అయినా తమ లింగ గుర్తింపుకు, అంటే తాము ఆడో మగో తామే చెప్పుకునేదానికి, తగిన టాయిలెట్, ట్రయల్ రూమ్ వాడుకోవచ్చని చెప్పింది. అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ అనే సంప్రదాయవాద క్రైస్తవ సంస్థ బాయ్‌కాట్‌కు పిలుపునిస్తే పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అటు వాళ్లు మానేస్తుంటే, ఇటు కొందరు పనిగట్టుకుని టార్గెట్‌కే వెళ్లి కొన్నారు. ఆగస్టులో ఆ సంస్థ తన మాట వెనక్కి తీసుకోలేదు సరికదా, 2 కోట్ల డాలర్లు పెట్టి, లేనిచోటల్లా లోపల గడియ పెట్టుకునే విడి టాయిలెట్లు కట్టిస్తామంది. చిన్నపిల్లలతో వచ్చే తల్లిదండ్రులకూ అవి పనికొస్తాయి కాబట్టి అది తెలివైన ఖర్చేనని మా అభిప్రాయం.

టాయిలెట్ గురించి ఇంత గొడవా అనిపించవచ్చు. 2015లో అమెరికాలో సుమారు 27,700 మంది ట్రాన్స్ వ్యక్తులతో జరిగిన జాతీయ సర్వే చూస్తే గొడవ ఎందుకో అర్థమవుతుంది. ఎవరు అడ్డుకుంటారో, ఏమంటారో అన్న భయంతో అంతకుముందు ఏడాదిలో బయట టాయిలెట్‌కు వెళ్లడం మానుకున్నామని 59 శాతం మంది చెప్పారు. వెళ్లాల్సిన అవసరం రాకూడదని తిండీ నీళ్లూ తగ్గించుకున్నామని చెప్పినవాళ్లు 32 శాతం. అంటే బజారుకు బయల్దేరే ముందు దాహం చంపుకోవాలి. ఇక బట్టల దుకాణంలో ఇంకో టెన్షన్. ఏ వైపు ట్రయల్ రూమ్‌కు వెళ్తే ఏ సేల్స్‌మన్ ఆపుతాడో తెలియదు. కొలత సరిపోతుందో లేదో చూసుకోకుండా కొనేసి ఇంటికెళ్లిపోవడమే మేలనిపిస్తుంది. ఆఖరికి కౌంటర్ దగ్గర కార్డు ఇస్తే, దాని మీద పాత పేరు ఉంటుంది. ఆ పేరూ ఎదురుగా ఉన్న మనిషీ పొంతన కుదరక క్యాషియర్ ఎగాదిగా చూస్తాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లకు ఊరకే ఒక తమాషా. ఈ ఇబ్బందిని గమనించే, చట్టప్రకారం పేరు మార్చుకోకపోయినా తాము పిలిపించుకునే పేరునే కార్డు మీద వేయించుకునే ఏర్పాటును మాస్టర్‌కార్డ్ 2019లో ప్రకటించింది. ట్రాన్స్ వ్యక్తులు, స్వలింగ సంపర్కుల వంటివారి హక్కుల కోసం జరుపుకునే ప్రైడ్ నెల జూన్‌లో అద్దాల వెనక వేలాడే రంగురంగుల చొక్కాల కన్నా ఇలాంటి ఒక్క ఏర్పాటు ఎన్నో రెట్లు విలువైనది.

దుకాణం సొంతంగా పెట్టుకున్న నిబంధనకు అమెరికాలో ఇంత బరువు ఉండటానికి చట్టంలో ఒక కారణం ఉంది. హోటళ్లలో, థియేటర్లలో, అలాంటి బహిరంగ ప్రదేశాల్లో కస్టమర్లపై వివక్ష చూపకూడదని 1964 నాటి పౌర హక్కుల చట్టం చెబుతుంది. కానీ ఆ భాగంలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం మాత్రమే ఉన్నాయి. లింగం ప్రస్తావన లేదు. ఉద్యోగాల సంగతి వేరు. ట్రాన్స్ మహిళగా జీవిస్తానని చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఏమీ స్టీఫెన్స్ పోరాడితే, ఆ చట్టంలోనే ఉద్యోగాల గురించి చెప్పే భాగం ట్రాన్స్ ఉద్యోగులకూ వర్తిస్తుందని 2020 జూన్ 15న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో చెప్పింది. తీర్పు వినడానికి ఆమె లేరు, అంతకు నెల ముందే చనిపోయారు. ఆ తీర్పు క్యాషియర్‌ను కాపాడుతుంది. ఎదురుగా నిలబడ్డ కొనుగోలుదారుకు మాత్రం, ఆ రాష్ట్రంలో ప్రత్యేక చట్టం లేకపోతే, దుకాణం సొంతంగా ఇచ్చిన మాటే దిక్కు. అందుకే ఆ మాట ఇచ్చిన చోట కొనడంలో అర్థం ఉందంటున్నాం.

అలాగని ఆ మాటను రాతి మీద రాతగా నమ్మలేం. 2023 మేలో టార్గెట్‌లో ప్రైడ్ నెల కోసం పెట్టిన సరుకుపై గొడవ రేగింది. పెద్దల కోసం తయారుచేసిన ఈత దుస్తులను పిల్లలకు అమ్ముతున్నారన్న అబద్ధం ఊరంతా తిరిగింది. సిబ్బందికి బెదిరింపులు వచ్చాయి. టార్గెట్ కొన్ని సరుకులు తీసేసింది, దక్షిణాది దుకాణాలు కొన్నింటిలో మిగిలినవాటిని వెనక్కి జరిపించింది. సిబ్బంది క్షేమం అన్న కారణాన్ని మేము కొట్టిపారేయం. కౌంటర్ దగ్గర తిట్లు తినేది కంపెనీ అధిపతి కాదు కదా. కానీ ఆ మరుసటి ఏడాది ప్రైడ్ సరుకు కొన్ని దుకాణాలకే పరిమితమైంది. 2025 జనవరిలో, అన్ని వర్గాలవారికీ అవకాశాలివ్వాలన్న వైవిధ్య లక్ష్యాలకే సంస్థ స్వస్తి చెప్పింది. అప్పుడు బాయ్‌కాట్ పిలుపు రెండో వైపు నుంచి, అంటే ఆ లక్ష్యాలను కోరేవాళ్ల నుంచి, వచ్చింది.

బడ్ లైట్ బీరు కథ ఇంకా చేదు. 2023 ఏప్రిల్‌లో డిలన్ మల్వేనీ అనే ట్రాన్స్ మహిళ సోషల్ మీడియాలో ఆ బీరుకు చిన్న ప్రచారం చేశారు. దాంతో దుమారం లేచింది. ఆమెను పిలిచి ప్రచారం చేయించుకున్న కంపెనీ, జనాన్ని విడదీసే చర్చలో భాగం కావాలని తాము ఎన్నడూ అనుకోలేదంటూ తప్పుకుంది. ఆ తర్వాత కంపెనీ తనను ఒక్కసారీ పలకరించలేదని ఆమే చెప్పారు. ఇటు అమ్మకాలూ పోయాయి. అమెరికాలో అత్యధికంగా అమ్ముడయ్యే బీరు అన్న స్థానాన్ని కొద్ది వారాల్లోనే మొడెలో అనే మరో బీరుకు వదులుకుంది. తిట్టేవాళ్లు తిరిగి రాలేదు, అండగా ఉందామనుకున్నవాళ్లకు అక్కడ అండగా నిలవడానికి ఏమీ మిగల్లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, కొనడం మానేయడానికీ మద్దతుగా కొనడానికీ లెక్కలో పెద్ద తేడా ఉంది. కోపంతో మానేసిన కుటుంబం ఏడాది పాటు పెట్టే ఖర్చంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. అది అమ్మకాల లెక్కలో వెంటనే కనిపిస్తుంది. అభిమానంతో వచ్చేవాళ్లలో చాలామంది ముందు నుంచీ అక్కడ కొనేవాళ్లే. వాళ్లు అదనంగా ఎన్ని సబ్బులు వాడగలరు? పైగా ఎందుకు కొన్నారో బిల్లు మీద అచ్చుకాదు. మేనేజర్‌కు తెలిసేది సబ్బులు అమ్ముడయ్యాయన్న సంగతే. వ్యతిరేకులేమో సంతకాలు పెడతారు, ఫోన్లు చేస్తారు, ఉత్తరాలు రాస్తారు. మద్దతుదారులు మర్యాదగా డబ్బు కట్టి సంచి పట్టుకుని వెళ్లిపోతారు. ఈ మర్యాదే వాళ్ల బలహీనత అని మేము అనుకుంటున్నాం.

డబ్బుకు బలం లేదని కాదు. హెచ్‌బీ2 వచ్చాక నార్త్ కరోలినాలోని షార్లట్ నగరంలో 400 ఉద్యోగాలతో పెట్టబోయిన కేంద్రాన్ని ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ రద్దు చేసుకుంది. 2017 ఆల్ స్టార్ మ్యాచ్‌ను బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అక్కడి నుంచి న్యూ ఆర్లీన్స్‌కు తరలించింది. ఈ చట్టం వల్ల రాష్ట్రం పన్నెండేళ్లలో 376 కోట్ల డాలర్లు నష్టపోతుందని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ లెక్కగట్టింది. మెక్‌క్రోరీ ఎన్నికల్లో ఓడిపోయారు. 2017 మార్చి చివర్లో టాయిలెట్ నిబంధన రద్దయింది. కారణం చెప్పి మరీ చేసిన ఒత్తిడి అది, అందుకే పనిచేసింది. అప్పటికీ విజయం సగమే. వ్యాపారాల్లో వివక్షను అడ్డుకునే స్థానిక చట్టాలను నగరాలు 2020 డిసెంబర్ దాకా చేయకూడదని అదే రద్దు చట్టంలో మెలిక పెట్టారు. దుకాణాలు ఎంత అమ్మినా ఆ మెలికను విప్పగలిగేవి కావు. అలాంటిదానికి ఓటే కావాలి.

కాబట్టి కొనండి, కానీ చొక్కా చూసి కాదు. ట్రయల్ రూమ్ విషయంలో నిబంధన ఏమిటి, సిబ్బందికి శిక్షణ ఇచ్చారా, ట్రాన్స్ ఉద్యోగుల వైద్య ఖర్చులు ఆరోగ్య బీమాలో ఉన్నాయా అన్నవి చూడండి. పెద్ద కంపెనీల విషయంలో ఇలాంటి వివరాలను, స్వలింగ సంపర్కులు, ట్రాన్స్ వ్యక్తుల హక్కుల కోసం పనిచేసే హ్యూమన్ రైట్స్ క్యాంపెయిన్ సంస్థ 2002 నుంచి సర్వే చేసి మార్కులు వేస్తోంది. ఆ సర్వేలో ఇక పాల్గొనబోమని 2025 జనవరిలో టార్గెట్ చెప్పేసింది. ఇలా తప్పుకునే కంపెనీల సంగతి కొనుగోలుదారులే అడిగి తెలుసుకోవాలి. కస్టమర్ సర్వీస్‌కు రెండు వాక్యాలు రాస్తే చాలు: ట్రయల్ రూమ్ నిబంధన ఇప్పటికీ అమల్లో ఉందా, ఉంటే రాతపూర్వకంగా చెప్తారా అని. ఉందంటే, ఆ కారణంతోనే మీ దగ్గర కొంటున్నామని తిరిగి రాయాలి. జవాబు దాటవేస్తే కొనడం మానేసి, ఎందుకు మానేశారో అదీ రాయాలి.