డెక్2ఆక్ట్ గారికి ఒక ల్యాబు మేడమ్ రాయునది

ఎక్సెల్‌లో మామూలు సంఖ్యల్ని ఆక్టల్‌లోకి, అంటే 0 నుంచి 7 దాకా అంకెలే ఉండే ఎనిమిదుల లెక్కలోకి మార్చే ఫార్ములా, మహారాజశ్రీ డెక్2ఆక్ట్ (DEC2OCT) గారి సముఖమునకు, కంప్యూటర్ ల్యాబు మేడమ్ నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. అంటే, తమరు కుశలం. నేను మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగిపోయే బస్సులో, అద్దం దిగని కిటికీ పక్కన కూర్చుని ఫోనులో ఇది కొడుతున్నాను. ఈపాటికి గోదారి దాటేసి నర్సాపురంలో మా ఇంట్లో టీ తాగుతుండాల్సింది. నేను సఖినేటిపల్లి రేవుకి చేరేసరికి పంటు, అంటే ఏరు దాటించే పడవ, సగం గోదారిలో ఉంది. అందుకు కారణం తమరేనని మనవి.

నిన్న సాయంత్రం ఎంత మర్యాదగా ఉన్నారండీ! 58 ఇస్తే 72 (ఏడు ఎనిమిదులు, పైన రెండు) అన్నారు. పక్కన 3 వేసి మూడంకెలు కావాలంటే ముందు సున్నా తొడిగి 072 అని చేతికిచ్చారు. పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడు కూడా అంత వినయం చూపించడు. మిమ్మల్ని నమ్మి ఇవాళ మోడల్ ప్రాక్టికల్స్‌లో ప్రశ్న ఇచ్చాను: మీ మొబైల్ నంబరును ఆక్టల్‌లోకి మార్చుము. ఒకరిది చూసి ఒకరు కొట్టకుండా వేసిన ఎత్తు అది. 38 మంది పిల్లలు, 38 నంబర్లు, 38 జవాబులు. రాత్రి పడుకునేముందు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

38 మానిటర్ల మీదా ఒకటే జవాబు. హ్యాష్, నమ్, ఆశ్చర్యార్థకం. అంటే #NUM!, ఈ సంఖ్య నావల్ల కాదని.

ఒక్కరు కూడా కాపీ కొట్టలేదు. అయినా అందరిదీ ఒకటే.

"మేడమ్, మా నాన్న నంబరు పెట్టి చూశానండి. ఆయ్, అదీ రాలేదండి" అందొక పిల్ల. వెనక బెంచీలోంచి ఇంకొకడు లేచి, "ఏ కంపెనీ సిమ్మయితే వస్తాదండీ?" అన్నాడు. వాడి మొహంలో వెటకారం కోసం వెతికాను. లేదు. నిజంగానే అడిగాడు.

అప్పుడు తీశానండీ తమరి జాతకం. తమరు పుచ్చుకునేది 53,68,70,911 దాకానే. ఆ పైన ఒక్కటి ఎక్కువైనా ముట్టుకోరు. మొబైల్ నంబరు మొదలయ్యేదే ఆరు లేదా ఆపై అంకెతో, అంటే 600 కోట్ల నుంచి. ఏ కంపెనీ సిమ్మయినా తమరి గుమ్మం ఎక్కదు. ఆ కుర్రాడికి చెప్పాల్సిన జవాబు ఇదీ.

సరే, ఎవరి శక్తి వాళ్లది. బైనరీలోకి (0, 1 అంకెల లెక్కలోకి) మార్చే మీ తమ్ముడు డెక్2బిన్ అయితే 511 దాటితేనే చేతులెత్తేస్తాడు, పాపం, వాణ్ని ఎవరూ ఏమీ అనరు. పదహారుల లెక్కలోకి మార్చే మీ అన్నయ్య డెక్2హెక్స్ 54 వేల కోట్లు దాటినా కిక్కురుమనడు. ముగ్గురికీ ఇంట్లో పెద్దలు పెట్టిన కట్టుబాటు ఒకటే, జవాబు పది అంకెలు మించకూడదని. ఆక్టల్‌లో అంకెకి మూడు బిట్లు (0 గానీ 1 గానీ పట్టే గళ్లు), పదింటికి 30. అందులో మొదటి బిట్టు ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతుంది. మిగిలిన 29 బిట్లలో పట్టేదే ఆ 53 కోట్ల చిల్లర. లెక్క నాకు అర్థమైంది. అర్థమయ్యాకే ఒళ్లు మండింది.

ఎందుకో చెప్తాను. వరసగా #నమ్! చూసి విసుగొచ్చి, మైనస్ ఒకటి కొట్టాను. ఏమిచ్చారు తమరు? 7777777777. పది అంకెలు! మైనస్ ఒకటికి పది ఏడులు! ఒక్క రూపాయి బాకీ ఉన్నవాడికి 777 కోట్ల చిట్టీ రాసిచ్చినట్టుంది. బిట్ల తిరకాసులు, మైనస్ సంఖ్యల్ని బిట్లలో రాసే టూస్ కాంప్లిమెంటు, అవన్నీ నేనే పాఠం చెప్తాను, నాకు చెప్పకండి. నా ప్రశ్న వేరే. ఆ పది ఏడులూ చూడ్డానికి అచ్చం ఫ్యాన్సీ నంబరులా ఉన్నాయి కదా. వాటినే తీసి పక్క గడిలో పెట్టి, మళ్లీ తమరికే ఇచ్చాను.

#నమ్!

నీ నోటితో నువ్వు చెప్పిన అంకెలే కదయ్యా అవి! పది అంకెలు నువ్విస్తే నేను కళ్లకద్దుకుని పుచ్చుకోవాలి, పది అంకెలు నేనిస్తే నువ్వు విస్తరి ముందు నుంచి లేచిపోతావా? మా గోదారోళ్ల ఇళ్లల్లో పెట్టడానికే కాదు, పుచ్చుకోవడానికీ ఒక మర్యాద ఉంటుంది. కడుపు నిండిందనో, పడదనో చెప్పి చెయ్యి అడ్డం పెడతాం. నువ్వు అదీ చెప్పవు. సంఖ్య ఎక్కువైనా #నమ్!, అడిగిన చోట్లు చాలకపోయినా #నమ్!. ఏది తప్పో చెప్పని మాస్టారు మా ఊళ్లో ఒకాయన ఉండేవాడు, తప్పు అని మాత్రం బెత్తంతో చెప్పేవాడు. నువ్వు ఆయన దగ్గరే చదువుకుని ఉంటావు.

మిగతావి కూడా అనేస్తాను, బస్సు ఇంకా వంతెన ఎక్కలేదు. 12.9 ఇస్తే ఆ తొమ్మిదిని నోట్లో వేసుకుని 14 అంటావు. అంకెల వేషంలో అక్షరాలు ఇస్తావు. అందుకే వరస మొత్తం ఎంచి సమ్, అంటే కూడిక, కొడితే సున్నా.

మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. కళ్లంలో కూర్చుని కొలిచేది. ఒకటి అనకుండా లాభం అని మొదలెట్టి, రెండు, మూడు అంటూ వెళ్లేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. అంటే ఎనిమిది గిద్దలకి ఒక తవ్వ. ఆవిడకి తెలీకుండానే ఆవిడది ఆక్టల్. గాదె నిండినా, "ఇంక నాకు పట్టదు" అని గిన్నె బోర్లించలేదు.

మా ల్యాబుది పాత ఎక్సెల్. మీ ఇంట్లోనే బేస్ అని ఒక బుద్ధిమంతుడు పుట్టాడు, సంఖ్యా ఎనిమిదీ ఇస్తే చాలు, మొబైల్ నంబరైనా నవ్వుతూ మార్చేస్తాడు. కానీ ఆయన ఎక్సెల్‌కి వచ్చింది 2013లో. మా సిస్టమ్‌లు అంతకు ముందే పుట్టాయి. పిలిస్తే #నేమ్?, అంటే ఎవరాయన అని అడిగాయి. పిల్లల్ని పంపేసి, రేపటి జవాబుల షీటు కోసం మళ్లీ మీ గుమ్మంలోనే కూర్చున్నాను.

నాలుగున్నరకి ల్యాబు అటెండరు ప్రసాదం తెచ్చాడు, కొబ్బరి చెక్క. చేతిలో చెక్క పట్టుకుని మానిటర్ వంక చూస్తే వెలిగింది. కాయ మొత్తం మింగలేడు, సరే. రెండు చెక్కలు చేసి పెడితే?

నంబరుని 8^9తో, అంటే తొమ్మిది ఎనిమిదుల్ని హెచ్చిస్తే వచ్చే 13,42,17,728తో భాగించాను. భాగఫలం వంద లోపే, శేషం మీ హద్దు లోపే. రెండూ మీకే విడివిడిగా పెట్టి, జవాబుల్ని అతికించాను. గుటుక్కున మింగారు! 38 గడులూ నిండాయి. సంబరం రెండు నిమిషాలే. నలుగురి జవాబులో ఒక అంకె తక్కువ. ఎందుకంటే వాళ్ల శేషం ముందుండాల్సిన సున్నాని తమరు ఎగరగొట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది, నిన్నటి ఆ 072. రెండో చెక్క పక్కన 9 వేశాను. =డెక్2ఆక్ట్(ఇంట్(ఏ2/8^9))&డెక్2ఆక్ట్(మాడ్(ఏ2,8^9),9). ఏ2 అంటే నంబరున్న గడి, ఇంట్ భాగఫలం, మాడ్ శేషం, & అతుకు. పోయిన సున్నాలన్నీ తలొంచుకుని వెనక్కొచ్చాయి. ఆరు, ఏడులతో మొదలయ్యేవాళ్లకి పదకొండు అంకెలు, తొమ్మిదితో మొదలయ్యేవాళ్లకి పన్నెండు. అతికించాలంటే అంకెల వేషంలో ఉన్న అక్షరాలే కావాలి. ఇందాక దాని గురించి ఒక మాట తూలాను. ఆ ఒక్కటీ వెనక్కి తీసుకుంటున్నాను, మిగతావి కాదు.

38 జవాబుల్నీ కాగితం మీద ఎనిమిదితో భాగించి సరిచూసేసరికి చీకటి పడింది, పంటు పోయింది. ఒక్కటీ తప్పు లేదండీ. ఆ మాట కూడా రాయాలి కదా మరి.

రేపటి ప్రశ్న మార్చడం లేదు. ఈ బస్సు టిక్కెట్టు డబ్బులు మాత్రం మీ పేరున ఖాతాలో రాశాను. బాకీ కాబట్టి మైనస్ గుర్తు పెట్టి మరీ రాశాను. ఎంతయిందో మీ లెక్కలోనే చూసుకుని పంపించగలరు.

చిత్తగించవలెను,
ల్యాబు మేడమ్