చప్టా కింద చేపకు దారేదీ?

పాపాఘ్నిలో కలిసే ఒక వంక మీది పాత చప్టాను, అంటే నీళ్లు పోనీకి కింద మూడు సిమెంటు తూములు పెట్టి కట్టిన తక్కువ ఎత్తు రోడ్డు దాటును, పగలగొట్టి కొత్తది కట్టబోతున్నారు. కట్టేముందు జిల్లా వంకల మీది చప్టాలన్నిట్నీ, చేప పైకి పోగలదా లేదా అని కొలిచి చూడాలని అల్లుడు అర్జీ రాసినాడు. ఆయన కడపలో జువాలజీ లెక్చరరు. ఆ అర్జీ చదివిన మామ రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు; ఆ పాత చప్టా కట్టించింది ఆయనే.

మామ: ఏడాదిలో సగానికి పైగా ఎండి ఉండే వంకలో చేప యాడిదిరా?

అల్లుడు: మడుగుల్లో, చెరువుల్లో ఉంటుంది మామా. కొత్తనీళ్లు రాంగానే ఎదురెక్కుతుంది. పైన గడ్డి మునిగిన పల్చటి నీళ్లలో గుడ్లు పెడుతుంది. వంక పారే ఆ నాలుగు వారాల్లో పైకి పోలేకపోతే ఆ ఏటికి పిల్లలు లేనట్టే. మొదటి వాన రోజు చప్టా కిందపక్క ఊరి పిల్లోళ్లు చీర పట్టుకుని చేపలు దేవుతారే, అవన్నీ పైకి పోలేక ఆగినవే.

మామ: కొరమీను, మార్పు చేప తడిగట్టు మీద పాకి పోతాయి. నేనే చూసినా.

అల్లుడు: అవి గాలి పీల్చే జాతులు. మోసు, పరిగె అట్ల పోలేవు.

మామ: సరే, పోలేవు. పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట ఉండాది, దిగువన సోమశిల ఉండాది, పాపాఘ్ని మీదనే వెలిగల్లు ప్రాజెక్టు ఉండాది. చాలా వంకల నిండా చెక్‌డ్యాములు. అంత పెద్ద గోడల్ని వదిలేసి నా మూడు తూముల మీద పడినావా? తెరిచినా నీ చేప ఎంత దూరం పోతుంది? ఇంకో మాట. 2021 నవంబర్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడు జనం ఎన్ని తిప్పలు పడినారో నీకు తెలీదా? నిండు గర్భిణి అవతలి ఒడ్డున ఉంటే నువ్వు పరిగె గురించి మాట్లాడతావా?

అల్లుడు: గోడల మాట నిజం. దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. కింద ఆనకట్ట ఉన్న చోట చప్టా ఒక్కటే తెరిస్తే లాభం కొంచెమే. అందుకే అన్నీ మార్చమని రాయలేదు, కొలవమని రాసినా. దేనిపైన ఎంత దూరం వంక మిగిలి ఉంది, దేనికింద ఇంకేం అడ్డముంది, చెరువు నిండి నీళ్లు పొర్లే మరవకు ఏది దగ్గర — ఇవి చూసి వరుస పెడితే మొదట ముట్టుకోవాల్సినవి కొన్నే తేలతాయి. కొలిచే పని పెద్దదేం గాదు. టేపు, ఎత్తు చూసే కొలకర్ర (లెవల్ స్టాఫ్), ఇద్దరు మనుషులు. తూము అంచు నుంచి కింది మడుగు నీళ్లదాకా ఎంత ఎత్తు, తూము ఎంత పొడుగు, ఎంత వాలు, లోపల నీళ్లు ఎంత లోతు, అడుగున ఇసుకా రాళ్లూ నిలిచినాయా లేక బోడి సిమెంటేనా. రోడ్డు ప్రభావం లేని చోట, పైకి నడిచిపోయి, వంక అసలు వెడల్పు కొలవాలి. పది మీటర్ల వంకను మూడు తూముల్లోకి నెట్టితే నీళ్లు బాణంలా వస్తాయి. చేప ఈదలేదు. ఆ ఊపే కింద నేలను తవ్వేస్తుంది, తూము గాల్లో వేలాడుతుంది, ఆ తర్వాత చప్టానే పోతుంది. చేపను ఆపే తూమే రోడ్డునూ తెంపుతుంది మామా. గర్భిణి అన్నావు గదా, నా కొలత ఆమెకూ పనికొస్తుంది. అమెరికాలో వెర్మాంట్ అడవుల్లో 2011లో ఐరీన్ తుఫాను వరదొచ్చినప్పుడు, వాగు వెడల్పుకు తగ్గకుండా, అడుగు సహజంగా ఉండేట్టు కట్టిన కల్వర్టులు నిలిచినాయి. ఇరుకు తూములున్నవి చాలా కొట్టుకుపోయినాయి.

మామ: అది అమెరికా. నాకిచ్చిన అంచనాలో, తూములకు బదులు వంక వెడల్పంతా దాటే స్లాబు పట్టేదా? తూములేసింది తెలీక గాదు, డబ్బు లేక.

అల్లుడు: రెండుసార్లు కొట్టుకుపోయిన చప్టాకు అయిన డబ్బు కూడా లెక్కలో వేయి.

మామ: కొట్టుకుపోయింది తూముల వల్లే అని నువ్వెట్ల చెప్తావు? చప్టా కిందపక్క ఇసుక తోడినారు. నేల కిందికి దిగింది, పునాది బయటపడింది. నేను కట్టినప్పుడు తూము నేలకు సమంగా ఉండె. మోకాటెత్తు గుంట నేను తవ్విందా? ట్రాక్టర్లు తవ్వినాయి. అవి పోతావుంటే ఊర్లో ఒక్కడూ నోరెత్తలేదు. ఇప్పుడు తప్పంతా ఇంజనీరుదే!

అల్లుడు: తప్పు నీదని నేననలేదు.

మామ: అర్జీలో ఇసుక మాటే లేదు. చదివినోడు ఏమనుకుంటాడు?

అల్లుడు: …అది రాయాల్సిందే.

మామ: రాయి. నేల ఎంత దిగిందో చూడనీకి పాత కొలతలు కావాలంటే నా దగ్గర డ్రాయింగులు ఉండాయి. కానీ ఒక మాట, కొలతల పేరు చెప్పి కొత్త చప్టా పని ఆపితే నేనొప్పుకోను.

అల్లుడు: ఆపమనను. ఈ ఒక్కదానికి మాత్రం తూములొద్దు, స్లాబు వేయమని పోట్లాడతా. పైన రెండు చెరువులుండాయి, కింద పాపాఘ్ని దాకా ఇంకే అడ్డమూ లేదు.

మామ: అంచనా పెరుగుతుంది.

అల్లుడు: పెరుగుతుంది. ఆ డ్రాయింగులు ఎప్పుడిస్తావు?